పిల్లికూతలు ఆగిన సాయంత్రం

రాజోలు,
14 డిసెంబరు 1983

ప్రియమైన చెల్లెలు రూతుకు, ప్రభువు నీకు తోడుగా ఉండాలని కోరుతూ అక్క సుందరమ్మ రాయునది. అందరం క్షేమమని రాసే చోట ఈసారి ఏమీ రాయలేను.

కువైట్ నుంచి నీ ఉత్తరం సోమవారం అందింది. టెలిగ్రాంలో జోజి పోయాడన్న మాట తప్ప ఇంకేమీ లేదన్నావు. నువ్వు పక్కనుంటే నీ కొడుకు బతికేవాడా, చెప్పమని అడిగావు. జరిగింది రాస్తున్నాను.

నవంబరు పదిహేడు, గురువారం వాడికి జలుబు చేసింది. ముసురు పట్టి ఉంది. శుక్రవారానికి ఉబ్బసం తిరగబెట్టింది. అడ్డసరం ఆకు ఉడికించి పిండి, ఆ రసంలో పిప్పళ్ల పొడి, తేనె కలిపి మూడు పూటలా పట్టాను. తమలపాకుకి ఆముదం రాసి, వెచ్చచేసి గుండె మీద వేశాను. దొడ్డమ్మా, ఈ చేదు మన గేదెకి పట్టు, కట్టు తెంపుకుని పారిపోద్ది అన్నాడు. ఏడేళ్లకే ఎంత మాటకారో నీకు తెలుసు. ముఖం ముడుచుకునే తాగాడు.

మందుకొచ్చే పిల్లలందరికీ చూసినట్టే, వాడి వీపుకి చెవి ఆనించి వినేదాన్ని. శనివారం పొద్దున్న పిల్లికూతలు గట్టిగా ఉన్నాయి. మధ్యాహ్నానికి తగ్గాయి. సాయంత్రం అసలు వినిపించలేదు. మందు పట్టిందని పక్కింటి అచ్చాయమ్మ గారితో చెప్పాను. ఆవిడ వాడి చెయ్యి పట్టుకుని, గోళ్లు నీలంగా ఉన్నాయేంటండీ అన్నారు. వెంటనే రిక్షాలో ఇక్కడి ఆసుపత్రికి బయల్దేరాం. దారిలోనే పోయాడు. ఊపిరి ఆడుతున్నంతసేపే కూత వినిపిస్తుందట, లోపల గాలి కదలకపోతే కూతా ఉండదట. డాక్టరు గారు చెప్పారు. ఇరవై రెండేళ్లుగా నేను కూత ఆగితే నయమైందనే అనుకున్నాను.

నువ్వున్నా ఇంతే జరిగేది. ఇందులో ఎవరి తప్పూ లేదు. మీ యజమాని సెలవిస్తే రా.

ఇట్లు,
నీ అక్క
సుందరమ్మ

తా.క. నువ్వున్నా ఇంతే జరిగేదని రాసింది అబద్ధం. శుక్రవారమే పాస్టరు కృపారావు గారు జీపు తెచ్చారు, అమలాపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్దాం రండమ్మా అని. అప్పుడు నా వాకిట్లో ఐదుగురు తల్లులు మందు కోసం బిడ్డల్ని ఎత్తుకుని నిలబడి ఉన్నారు. వాళ్లు చూస్తుండగా నా ఇంటి పిల్లాణ్ణే ఆసుపత్రికి తీసుకెళ్తే, రేపట్నుంచి నా గుమ్మం ఎవరెక్కుతారని జీపు వెనక్కి పంపేశాను. జోజి అప్పటికే చెప్పులు వేసుకుని కూర్చున్నాడు. నేనే విప్పించాను.