ట్యాంకు మీది రాగి పుంజు

2024 జులై 14, ఆదివారం

మా అక్కకు ఊపిరాడకుండా చేసింది నువ్వే. ఈ డైరీ ఎవరి చేతికి చిక్కినా ముందు ఇది విను. నీ ఒంటి మీది చొక్కా పత్తిది. ఆ పత్తికి కొట్టిన మందు మా కాలనీ పీల్చింది. నువ్వు ఇస్త్రీ చేసుకుని తొడుక్కున్నావు.

అక్క పేరు సాలమ్మ. ఆస్తమా. అక్కది, నాది పక్కపక్క ఇళ్లు. వాటి వెనక, పడమర దిక్కున, అంతా పరశురాం కౌలుకు చేసే పత్తి. ఈ ఏడు అతను డ్రోన్ తెప్పించాడు. వీపున పంపు తగిలించుకుని కొట్టినన్నాళ్లు మందు చెట్టు మీద పడేది. ఇప్పుడు మంచులా లేచి కిటికీల్లోకి వస్తోంది. అడగడానికి పోతే, గాలి ఎటు మర్లుతదో నాకేమెరుక భాగ్యక్కా, గాలి నా జీతగాడా అన్నాడు. పైగా, నేను మనోడినే గదా అన్నాడు. మనోడే. వాళ్ల తాత, మా తాత ఒకే దొరకు వెట్టి చేశారు. అందుకని అతని మందు కమ్మగా ఉంటుందా?

గాలి దిక్కు చూపించేది ఒకటి నేనే పెట్టిస్తా, అది చూసి కొట్టు అన్నాను. సరే అన్నాడు.

జులై 17

గాలి దిక్కు చూపే బొమ్మల కోసం ఆన్‌లైన్‌లో చూశాను. గుర్రం, దేవదూత, ఓడ. తాగేనీళ్లకే ట్యాంకర్ కోసం ఎదురుచూసిన మర్రిగూడ మండలానికి ఓడ.

జులై 21, ఆదివారం

కమ్యూనిటీ హాల్లో మీటింగ్. గాలి దిక్కు చూపడానికి ఉత్త బాణం బొమ్మ చాలన్నాను. పాస్టర్ ఇస్రాయేలు గారు చర్చిల మీద ఉండేలా శిలువ, దాని మీద పుంజు అన్నారు. ఇంకొందరు హనుమంతుడు అన్నారు. వాయుపుత్రుని కంటే గాలి సంగతి ఎవనికెరుక అని వాదన. విషం గురించి మాట్లాడటానికి పిలిచిన మీటింగ్‌లో దేవుళ్లకు పంచాయితీ చెప్పి వచ్చాను. చివరికి శిలువ లేని పుంజు. పుంజు మీద ఏ మతానికీ కోపం లేదు. అక్క మొగుడు మైసయ్య బావ మాత్రం, రేకుది ఎందుకు మరదలా, ఉత్త పుంజైతే పొద్దుగాల లేపుతది, మాపటికి కూరైతది అన్నాడు. హాలంతా నవ్వింది.

ఇనుప రేకు ఈ మందు తుంపరకు తుప్పు పట్టిపోతుంది, రాగి కావాలన్నాను. అక్క ఇంట్లోకి పోయి తన రాగిబిందె తెచ్చి ముందు పెట్టింది. రాగిబిందెలో నీళ్లు పోస్తే ఫ్లోరైడ్ పోతుందని ఎవడో టీవీలో చెబితే కొన్న బిందె. ఫ్లోరైడ్ పోలేదు, అక్క మోకాళ్లు పోయాయి. గిప్పుడన్న ఒక పనికి రానీ చెల్లె అంది.

ఆగస్టు 4

నల్గొండలో కంచరి ఎల్లేశం బిందెను కోసి, సాగగొట్టి పుంజును చేశాడు. తోక పెద్దది చేయించాను. గాలి తోకను నెడితే ముక్కు గాలి వచ్చే వైపు తిరుగుతుంది. చేనుకూ ఇళ్లకూ మధ్యనున్న పాత నీళ్లట్యాంకు మీద పెడతాం. ముక్కు చేను వైపుంటే గాలి మా మీదికి వస్తున్నట్టు, డ్రోన్ ఆపాలి. ముక్కు ఇళ్ల వైపుంటే కొట్టుకోవచ్చు. పరశురాం రెండుసార్లు చెప్పించుకున్నాడు.

ఆగస్టు 11, ఆదివారం

ఎక్కించాం. మైసయ్య బావ ఊచను సిమెంటులో పాతి, బేరింగుకు గ్రీజు పూసి పుంజును కూర్చోబెట్టాడు. ఇవాళ తూర్పుగాలి. ముక్కు ఇళ్ల వైపు తిరిగింది. వేలితో తోస్తే మళ్లీ అక్కడికే వచ్చింది.

అక్క నిమ్మకాయ, మిరపకాయలు పట్టుకొచ్చింది. కొత్త సామాను, మంది కండ్లు పడతయంది. నలుగురి ముందే క్లాసు పీకాను. గాలికి లేని దిష్టి రాగికి ఎక్కడిది, వేలికి ఇంకు పెట్టుకుని ఓట్లేసే మనుషులకు ఈ సిగ్గులేనితనం ఏమిటి అన్నాను. నీ నోటికో దండం చెల్లె అని వెనక్కి పోయింది.

ఆగస్టు 13

నల్గొండ. టీచర్ల ట్రైనింగ్. వారమంతా ఇంతే. పర్యావరణ స్పృహ గురించి ఏసీ గదిలో పీపీటీ.

ఆగస్టు 17, శనివారం, పొద్దున

నల్గొండ దవాఖాన. మండలంలో ఆక్సిజన్ లేక అక్కను ఇక్కడికి తెచ్చి పెట్టారు. తెల్లారగానే పరశురాం డ్రోన్ లేపాడు. పడమటిగాలి. మందంతా కాలనీ మీదికే.

ఫోన్‌లో తిట్టాను. తిట్టినంతసేపూ విన్నాడు. తర్వాత ఫొటో పంపాడు. పుంజు ముక్కు ఇళ్ల వైపే ఉంది. నీ పుంజు చెప్పినట్టే చేసిన గదక్కా, ఇంకేం జేయమంటవ్ అన్నాడు.

సాయంత్రం

ఊరికి వచ్చి, చీర కుచ్చిళ్లు దోపి ట్యాంకెక్కాను. పుంజు కింద, ఊచకు నల్లతాడు. తాడుకు నిమ్మకాయ, మిరపకాయలు. తాడు కొస బేరింగులో చుట్టుకుపోయి పుంజు బిగుసుకుంది. పెట్టిన రోజు ఎటు చూసిందో అటే చూస్తోంది.

కింద మైసయ్య బావ తలెత్తలేదు. నువ్వు నల్గొండ పోంగనే మీ అక్క కట్టుమన్నది, పైకి కడితే నువ్వొచ్చి లొల్లి చేస్తవని లోపల్కి కట్టిన అన్నాడు. నిచ్చెనకు కట్టినా సరిపోయేది.

తిట్టడానికి నోరు తెరిచాను. ఎవరిని?

ఆగస్టు 18

అక్క మాస్క్ పక్కకు జరిపి, బిందె మంచిగుండాలె అని కట్టిచ్చిన చెల్లె అంది. ఆ ఒక్క మాటకు మూడుసార్లు ఆగింది. నర్సు కసిరి మాస్క్ పెట్టింది.

ఆగస్టు 20

తాడు కోసేశాం. పుంజు తిరుగుతోంది. కాలనీకి పండగ. పరశురాం కూడా వచ్చి, ఇగ ఫికర్ లేదక్కా అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. విషం ఎగరేసేది అతను, గాలికి కావలి మేమా? ఆ బేరం కుదిర్చింది నేను. ముక్కు ఇళ్ల వైపుంటే కొట్టుకో అన్నది నేను. తూర్పుగాలి వీస్తే ఆ మందు ఎక్కడికి పోతుంది? చేను అవతల తండా ఉంది. అక్కడా ముసలివాళ్లున్నారు, పాలు తాగే పిల్లలున్నారు. ఇన్ని మీటింగుల్లో ఏ నోటా తండా మాట రాలేదు. నా నోటా రాలేదు. పుంజు సవ్యంగా తిరిగి ఉంటే నేను సంతోషంగా వాళ్ల మీద మందు కొట్టించేదాన్ని.

సాయంత్రం తండాకు పోయాను. మూతులు తిప్పుకున్నారు. ఇన్నొద్దులకు మేం కనబడ్డమా టీచరమ్మా అన్నారు. అయినా గ్రామసభలో కలిసి అడగడానికి వస్తామన్నారు.

ఆగస్టు 24, గ్రామసభ రోజు

మా డిమాండ్లు:

గాలి ఎటు వీచినా, కాలనీ పక్కన గానీ తండా పక్కన గానీ డ్రోన్‌తో మందు కొట్టొద్దు.

మిగతా చేలల్లో కొట్టేదుంటే ముందురోజే డప్పు వేయించి మందు పేరు చెప్పాలి.

మండల దవాఖానలో ఆక్సిజన్ ఉండాలి. దాన్ని పెట్టే మనిషీ ఉండాలి.

మనోడే అనే మాట సభలో ఎవరూ ఎత్తొద్దు.

సాలమ్మ వస్తుంది. కుర్చీ వేయండి. మాట్లాడమని అడగొద్దు.