లిఫ్టులో ఇరుక్కున్న సార్

మంగళవారం, అశోక్‌నగర్ హాస్టల్

ఈ రోజు కోచింగ్ సెంటర్ లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల సైన్స్ సార్ ఒక్కరే ఉన్నారు. పోయిన వారం నేను "తాడు తెగినా లిఫ్టు పడదు, బ్రేకులు పక్కనున్న పట్టాలను పట్టుకుంటయి" అంటే, "మీ ఊర్ల లిఫ్టు చూసినవా ఎప్పుడన్న?" అని క్లాసంతటినీ నవ్వించిన మనిషి.

"ఎవరన్న ఉన్నరా? తాడు తెగేటట్టుంది!" అని అరుస్తున్నారు.

వాచ్‌మన్‌ను పిలవబోయి ఆగాను. "తెగినా పడదు సార్. ఎందుకో చెప్పాల్నా?"

"చెప్పమ్మా, జర జల్ది చెప్పు!"

తీరిగ్గా, మొదటి నుంచీ చెప్పాను. మెట్ల మీద ఆగినవాళ్లంతా విన్నారు. ఆ తర్వాతే వాచ్‌మన్‌ను పిలిచాను.

బయటికి వచ్చాక ఆయన ఎవరి ముఖమూ చూడకుండా గోడ పట్టుకుని మెట్లు దిగారు. నాకు జాలి కలగలేదు. అందుకే నన్ను చూస్తే నాకే కాస్త భయంగా ఉంది. అయినా రేపు ఆయన క్లాసులో ముందు బెంచీలోనే కూర్చుంటాను.