క్రేన్ తవిటయ్య ఇంట్లో చిన్న లిఫ్టు

హోమ్ కేర్ ఆఫీసు మేనేజరు గారికి మల్కాపురం నుంచి తవిటయ్య నమస్కరించి రాయునది,

ఫోన్ చేస్తే ఒకటి నొక్కమంటున్నారు, రెండు నొక్కమంటున్నారు, ఆపైన పాట వినమంటున్నారు. పాటలు వినే తీరిక లేక ఉత్తరం రాస్తున్నాను.

పక్షవాతం వచ్చి నా భార్య కనకరత్నానికి ఎడమవైపు పనిచేయడం లేదు. ఆమెను మంచం మీంచి కుర్చీలోకి మార్చడానికి మీరొక లిఫ్టునీ, దాన్ని నడపడానికి ఆరోగ్యమ్మ అనే అటెండెంటునీ పంపారు. నేను పోర్టులో ముప్పై రెండేళ్లు క్రేన్ నడిపినవాణ్ని. మీ లిఫ్టును చూస్తే బట్టలారేసుకునే స్టాండుకి చక్రాలు పెట్టినట్టుంది. అయినా సర్దుకున్నాను. కానీ మీరిచ్చిన స్లింగు, అదే ఆ గుడ్డ ఉయ్యాల, మరీ పెద్దది. లోడు మధ్యలోంచి జారిపోతోంది. చిన్నది పంపండి.

ఇట్లు,
తవిటయ్య, రిటైర్డ్ క్రేన్ ఆపరేటర్

తా.క. ఎత్తడం ఎలాగో నాకు నేర్పుతానంటోంది మీ ఆరోగ్యమ్మ. ఆవిడ పుట్టకముందే నేను ఓడల్ని ఖాళీ చేశాను.


శ్రీ తవిటయ్య గారికి,

మా లిఫ్టుతో లోడు ఎత్తుతున్నట్టు మీరే స్వహస్తాలతో రాసిచ్చారు. అది రోగుల కోసం ఇచ్చింది, సరుకు దించుకోవడానికి కాదు. సామాన్లకు స్లింగు పంపే ఏర్పాటు మా దగ్గర లేదు. మళ్లీ ఇలాంటిది తెలిస్తే యంత్రాన్ని వెనక్కి తీసుకుంటాం.

భవదీయురాలు,
ధనశ్రీ, మేనేజరు

తా.క. పోర్టు సరుకు మీ ఇంటికెందుకు వస్తోందో మాకు చెప్పక్కర్లేదు. అది అడగడానికి వేరే ఆఫీసులున్నాయి.


చదువుకున్న మేనేజరమ్మ ధనశ్రీ గారికి,

లోడు అంటే నా భార్య. సర్వీసంతా పలికిన మాట, చేతికి అదే వచ్చింది. సోమవారం ఆమెను ఎత్తగానే నడుము స్లింగులోంచి కిందికి జారింది. ఆరోగ్యమ్మ చప్పున మంచం మీదికి దించేసింది కాబట్టి బతికిపోయాం. నా భార్య నలభై రెండు కిలోలు. మీరు పంపిన స్లింగులో ఆమెతోపాటు మీరు కూడా కూర్చోవచ్చు. ఉత్తరం చివరిదాకా చదివే మనిషి మీ ఆఫీసులో ఎవరైనా ఉంటే ఇది వారికివ్వండి.

ఇట్లు,
తవిటయ్య

తా.క. నేను దాచుకున్న ఉత్తరాల నకళ్లు కనకరత్నం చదివింది. లోడు అన్న మాట దగ్గర ఆగింది. నాతో మాట్లాడి మూడు రోజులైంది.


శ్రీ తవిటయ్య గారికి,

కొలత పొరపాటు మాదే. చిన్న స్లింగు మా మెకానిక్ గోపితో పంపాం. అతను వచ్చేసరికి లిఫ్టుకి బియ్యం బస్తా వేలాడుతోందని చెప్పాడు. ఇక బస్తా కూడా మీ భార్యే అని రాయకండి.

లిఫ్టుతో ఇచ్చిన కాగితంలోని సూచనలే మీకోసం మరోసారి రాస్తున్నాను. ఎత్తేటప్పుడు ఇద్దరుండాలి. పట్టీలన్నీ కొక్కేలకు సరిగా పడ్డాయో లేదో చూడాలి. లిఫ్టు కింది కాళ్లు వెడల్పుగా తెరవాలి. జానెడు ఎత్తి, ఆగి, సరిచూసుకోవాలి.

భవదీయురాలు,
ధనశ్రీ

తా.క. మీరు బస్తాకి ఎదురుగా నిలబడి చేతులతో సైగలు చేస్తున్నారట. అది అర్థం చేసుకుందా?


ధనశ్రీ గారికి,

మీ గోపి కన్నా బాగానే అర్థం చేసుకుంది. ముందు బస్తాతో చూడకుండా మనిషిని ఎత్తడం మీకు అలవాటేమో, నాకు కాదు. కొత్త స్లింగులో బస్తా జారలేదు. అయితే ఇప్పుడు కనకరత్నం లిఫ్టు ఎక్కనంటోంది. ఆ సోమవారం జారిన భయం ఇంకా పోలేదు. ఆ భయానికి మీ గోడౌన్లో ఏ సైజు ఉంది?

ఇట్లు,
తవిటయ్య

తా.క. ఇద్దరుండాలన్నారు. నేనొక్కణ్నే ఇద్దరి పెట్టు. ఆదివారం ఆరోగ్యమ్మకి సెలవు. మీ యంత్రం లేకుండా చేతులతోనే కూర్చోబెడతాను, చూడండి.


చిరంజీవి ధనశ్రీకి కనకరత్నం ఆశీర్వదించి రాయునది,

అమ్మా, ఆయన రాసే స్థితిలో లేరు. నా కుడిచెయ్యి బాగానే ఉంది కాబట్టి నేను రాస్తున్నాను.

ఆదివారం నన్ను చేతులతో ఎత్తబోయారు. నన్నింకా కదిలించకముందే నడుం పట్టేసి నేలమీద కూలబడ్డారు. లేవలేకపోయారు. నేను ఫోన్ చేస్తే ఆరోగ్యమ్మ, ఆమె భర్త యోహాన్ చర్చి నుంచి నేరుగా వచ్చారు. ఆమె ఆయన కాళ్లు కదిలించి చూసి, డాక్టరుతో ఫోన్లో మాట్లాడింది. ఆయన కొలతకి తగ్గ స్లింగు తాను పనిచేసే ఇంకో ఇంట్లో అడిగి తెచ్చింది. పట్టీలు వేసింది. యోహాన్ ఆయన తల దగ్గర నిలబడ్డాడు.

జానెడు లేవగానే ఆయన కళ్లు గట్టిగా మూసుకున్నారు. “రత్నం, ఇప్పుడేటి సేత్తన్నారు? ఎటు తిప్పుతన్నారు? నాకు సెప్పండి,” అన్నారు. ఆరోగ్యమ్మ ప్రతీదీ చెబుతూనే మెల్లగా పక్క మంచం మీదికి చేర్చింది.

ఆ సాయంత్రం మీ ఇద్దరి ఉత్తరాలూ మళ్లీ చదివాను. గుడ్డ గురించి రాసుకున్నారు, కొక్కేల గురించి రాసుకున్నారు, బస్తా గురించి కూడా రాసుకున్నారు. ఎత్తేముందు నాతో ఒక మాట చెప్పాలని ఆయనకీ తోచలేదు, మీకూ తోచలేదు. నేను భయపడింది జారినందుకే కాదమ్మా. ఆ పూట నన్ను ఎటు తీసుకెళ్తున్నారో ఎవరూ చెప్పలేదు.

నిన్న నేను ఎక్కుతానన్నాను. ఆరోగ్యమ్మ, యోహాన్ ఎత్తుతుంటే ఆయన పడుకునే చెప్పారు: “రత్నం, జానెడు లేపుతన్నారు. ఆగినాది. ఇప్పుడు కుర్చీ ఏపు ఎల్తావు.” మూడు వారాల తర్వాత వీధి గుమ్మంలో కూర్చుని టీ తాగాను.

మీ మేలు కోరే,
కనకరత్నం

తా.క. ఆదివారం తనని ఎత్తేటప్పుడు బటన్ నొక్కింది ఆరోగ్యమ్మే అనుకుంటున్నారు ఆయన. లిఫ్టు రిమోటు అప్పుడు నా చేతిలో ఉంది. ఆయనతో అనకండి, నడుం తగ్గాక నేనే చెబుతాను.