మడ్‌గార్డు మీద నా చోటు

ఏవండీ, అక్కకి ఒంట్లో బాగాలేదట, పది గంటల బస్సుకి వెళ్తున్నాను. షెడ్డు గుమ్మంలో నిలబడి రెండుసార్లు పిలిచాను, ఇంజిన్ మోతలో మీకు వినపడలేదు. కూర స్టవ్ మీద ఉంది. గ్రీజు చేతులతో ఫ్రిజ్ తెరవకండి.

పెద్ద నాగలిని కోసి ఆ పాత చిట్టి ట్రాక్టర్‌కి సరిపెట్టారు, సంతోషమే. కానీ నేను కూర్చునే మడ్‌గార్డు మీద పనిముట్ల పెట్టె బిగించేశారు. నన్ను ఒక్క మాటైనా అడగలేదు. చేను చివరిదాకా వెళ్లొచ్చే ఆ పావుగంటేగా, అరుచుకుంటూనైనా మనం మాట్లాడుకునేది!

నాలుగు రోజుల్లో వస్తాను.

తా.క.: మీరు డీజిల్‌కి వెళ్లాక షెడ్డులోకొచ్చి పెట్టె బోల్టులు మూడు విప్పేశాను. నాలుగోది ఎంత గట్టిగా బిగించారో, నా వల్ల కాలేదు. అది మీరు విప్పేదాకా బండి కదపకండి.