బీట్‌రూట్ లడ్డూ ఏ దేశానిదో తేల్చమని

పండుగ సంత అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అక్క పండించిన బీట్‌రూట్‌తో చేసిన కానుక డబ్బాలకు సంతలో చోటు లేదనుట గురించి.

ఇదే ఊరి నివాసినై, ప్రస్తుతం తమ కార్యాలయపు వరండా బెంచీ మీద కూర్చున్న నేను చేసుకునే మనవి:

1. "మన నేల దుంపను పండుగ కానుకగా మలచండి, సంతలో బల్ల ఇస్తాం" అని మూడు నెలల కిందట తమరు ప్రకటించియున్నారు. అది నమ్మి మా అక్క చేత పొలమంతా బీట్‌రూట్ వేయించింది నేనే. "ఉడకబెట్టిన బీట్‌రూట్ మొహం ఎవరు చూస్తారే?" అంది తను. అయితే మా అమ్మ చేసినట్టు లడ్డూలు చేద్దామన్నాను. దుంప తురిమి, పచ్చివాసన పోయేదాకా నేతిలో వేయించి, కొబ్బరి, యాలకులు కలిపి. డబ్బాకి ఆరు లడ్డూలు, పక్కన చిన్న సీసాలో ఊరగాయ, పైన రిబ్బను.

2. సదరు బల్ల కోసం పెట్టే దరఖాస్తులో "వస్తువు మూలం" అని ఒక గడి ఉన్నది. అందరూ ఒక్క మాట రాసి పోయే గడి. నేను అరగంట ఆలోచించాను. దుంప ఇక్కడిది. వంట భారతదేశానిది. మేం పుట్టింది అక్కడ, మా పిల్లలు పుట్టింది ఇక్కడ. గడి చాలక విడిగా ఒక కాగితం జతపరిచాను. అది నా తప్పే అయివుండవచ్చును. ఒక్క మాట చాలిన చోట పేజీ రాయడమే నా చదువు నేర్పింది మరి.

3. మూడో కిటికీ గుమాస్తా గారు అది చదివి, "దుంప మనదేనమ్మా, లడ్డూ పరాయిది" అని విదేశీ వస్తువుల కిటికీకి పంపారు. అక్కడ దిగుమతి పత్రం అడిగారు.

"ఏ ఓడలో వచ్చింది?"

"ఓడేంటండీ, మా అక్క సైకిల్ మీద వచ్చింది."

"అయితే స్థానికం. మూడో కిటికీకి వెళ్లండి."

నాలుగు రోజులుగా కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

4. చివరికి మూడో కిటికీ వారే జాలిపడి, "ఆ యాలకులూ నెయ్యీ తీసేయండమ్మా, ఇట్టే స్థానికం అయిపోతుంది" అన్నారు. అయ్యా, అవి తీసేస్తే మిగిలేది ఉడకబెట్టిన బీట్‌రూటే! పైగా దాల్చినచెక్క బిస్కెట్లకు ఆయనే "స్థానికం" ముద్ర వేయగా కళ్లారా చూశాను. దాల్చినచెట్టు ఈ ఊళ్లో ఏ వీధిలో ఉన్నదో సెలవివ్వగలరు.

5. దుంపలు ముదురుతున్నాయి. ఈ వారం దాటితే నారబడి, పశువులు కూడా మూతి తిప్పుకుంటాయి. సంత ఎల్లుండి. బల్లల జాబితా ఈ సాయంత్రం మూసేస్తారట. బల్ల రాకపోతే ఈ రోజే పొలం దున్నించేస్తానని, ఇక జన్మలో బీట్‌రూట్ జోలికి పోనని అక్క అంది. "నీ చదువుని నమ్మాను చూడు, నన్ననాలి" అని కూడా అంది.

కావున లడ్డూ మాదో, తమదో, పరాయిదో ఈ పూటే తేల్చి, ఏ మూలనైనా ఒక బల్ల ఇప్పించ ప్రార్థన. ఈ కాగితాన్నయినా మరో కిటికీకి పంపక స్వయముగా చిత్తగించవలెను.

విసిగియున్న తమ విధేయురాలు,
బీట్‌రూట్ రైతు చెల్లెలు

తా.క.: ట్రాక్టర్ అతను వచ్చేశాడట. అక్క ఫోన్ చేసి "ఏం చెప్పమంటావే?" అంది. ముందు టీ ఇవ్వమన్నాను. పెద్ద గ్లాసుతో ఇవ్వమన్నాను. అయినా టీయే కదండీ, ఎంతసేపు తాగుతాడు?