లారీ టక్కున ఆగింది

అన్నయ్యా,

అమ్మ దగ్గర కాలికి కట్టుతో పడుకున్నావు కదా, లేచి కొట్టలేవన్న ధైర్యంతో రాస్తున్నాను. నువ్వు వద్దన్నా నీ లారీకి డిస్క్ బ్రేకులు బిగించేశాను.

నిన్న నిండు లోడుతో వంతెన దిగుతుంటే సైకిల్ మీద ఒక పెద్దాయన అడ్డంగా వచ్చాడు. బండి మూరెడు దూరంలో టక్కున ఆగింది. నా ప్రాణం మాత్రం ఆయన్ని దాటి వెళ్ళొచ్చింది. పాత బ్రేకులైతే ఏమయ్యేదో ఊహించుకో. ఆయన తాపీగా, "బ్రేకులు బాగున్నాయమ్మా, హారన్ లేదా?" అన్నాడు.

అడిగింది నన్ను కాదు, స్టీరింగ్ దగ్గరున్న వదినని. మూడేళ్ళ కిందటే లైసెన్సు తెచ్చుకుని బీరువాలో దుప్పట్ల కింద దాచిందట. ఇక దిగనంటోంది. "మీ అన్నయ్య క్లీనరుగా వస్తారేమో కనుక్కో" అంది.

కాదంటే మాత్రం ఆ మాట ఆవిడకి నువ్వే రాసుకో.

నీ మెకానిక్ చెల్లెలు