శవం నవ్వాల్సిన షాట్

డబ్లిన్, కాలిఫోర్నియా
అక్టోబరు, ఆదివారం

శ్రీవారికి,

మీ ఉమ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ పిల్లలూ నేనూ అందరం కులాసా. అక్కడ సామర్లకోటలో మీరూ, మీ పంచాంగమూ, పెరట్లో దొండపాదూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను.

ఈ నాలుగు ముక్కలు రాసేలోపు మూడుసార్లు లేచాను. స్టవ్ కట్టేశానో లేదోనని ఓసారి, తలుపు వేశానో లేదోనని ఓసారి, ఎందుకు లేచానో గుర్తులేక ఇంకోసారి. వారం రోజులుగా కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. "అత్తయ్యా, మీకు ఏదో అయింది, చెప్పరేంటి?" అని కోడలు రష్మి వెంట తిరుగుతోంది. ఆ అయినదేదో మీకు చెప్పాలనే ఈ ఉత్తరం. కానీ వరసలో చెబుతాను. మీరు చివరి పేజీకి దూకకండి.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు. మోకాళ్లు పర్వాలేదు, ఇక్కడ మెట్ల మీద కూడా తివాచీయే. మునగాకు దొరుకుతోంది, కాకపోతే చిన్న కట్టని కూడా పెద్ద ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి అమ్ముతారు. పాలవాడు నీళ్లు కలుపుతున్నాడని రాశారు. వాడు మన పెళ్లికి ముందు నుంచీ కలుపుతున్నాడు, ఇప్పుడు కనిపెట్టారా? కార్తీకమాసానికి వస్తావా అని అడిగారు. దానికి జవాబు కింద ఉంది.

ఇక, అక్కడ వాతావరణం ఎలా ఉందని ఒకే ఉత్తరంలో మూడుచోట్ల అడిగారు. ఇన్నేళ్ల కాపురంలో మీరు వాతావరణం సంగతి అడగటం ఇదే మొదలు. మన ఫణి ఎలా ఉన్నాడని అడగటానికి నోరు రాక వాతావరణాన్ని అడిగారని నాకు తెలియదా? వాతావరణం బాగానే ఉందండీ. కాస్త చిక్కింది. గడ్డం పెంచింది. రోజూ రైలెక్కి ఆఫీసుకి వెళ్లి వస్తోంది. అన్నం ముందు కూర్చుని ఫోను చూస్తుంటే నా చేత తిట్లు తింటోంది.

పోయినేడాది మీ అమ్మగారు పోయినప్పుడు ఫణి రాలేకపోయాడు. వీసా స్టాంపింగ్‌కి డేట్లు దొరకలేదు. అది లేకుండా బయల్దేరితే మళ్లీ ఈ దేశంలోకి రానివ్వరు, ఉద్యోగం పోతుంది. "వాళ్ల బామ్మ చావుకు రానివాడు నా చావుకీ రానక్కర్లేదు" అన్నారు మీరు. వాడు కొన్న ఫోనులో మాట్లాడనని ఒట్టు కూడా పెట్టుకున్నారు. నా చేతిలో ఉన్నది వాడు కొన్న ఫోనే కాబట్టి, ఈ వయసులో మనకు ఉత్తరాల యోగం పట్టింది. పెళ్లయిన కొత్తల్లో కూడా మీరింత రాయలేదు.

అసలు విశేషం ఏమిటంటే, మీ కొడుకు సినిమా తీస్తున్నాడు. కంగారు పడకండి, ఉద్యోగం మానలేదు. శని ఆదివారాలు స్నేహితులంతా కలిసి తీస్తున్నారు. కథ వాడే రాశాడు. శ్రీధర్ అని కాకినాడ కుర్రాడు ఇదే వీధిలో ఉంటాడు, కెమెరా అతనిది. వాళ్ల గ్యారేజీయే స్టూడియో.

హాస్య సినిమా. ఒక ముసలమ్మ అమెరికాలో పోతుంది. ఆవిడ పిల్లలు ముగ్గురూ మూడు ఊళ్ల నుంచి దిగుతారు. ఒకరంటే ఒకరికి పడదు. ఇక్కడ ఫ్యూనరల్ హోమ్ అని ఉంటుంది, పెళ్లిమండపం ఇచ్చినట్టు శవాన్ని చూసుకోవడానికి గంటల లెక్కన హాలు ఇస్తారు. ఆ గంటలన్నీ వీళ్లు తగవులాడుకోవడానికే సరిపోతాయి. అమ్మకి కట్టిన కంచిపట్టు చీర మంటల పాలు చేయొద్దని కూతురు. కూతురు వేషం రష్మిది, మన ఇంట్లో ఎప్పుడూ గొంతు పెంచని పిల్ల అక్కడ గ్యారేజీ ఎగిరిపోయేలా అరిచింది. పంతులుగారికి ఇంకోచోట గృహప్రవేశం ఉంది, మంత్రాలు పరుగెత్తిస్తుంటారు. అన్నిటికన్నా పెద్ద తగవు బటన్ దగ్గర. ఇక్కడ చితి ఉండదు, తలకొరివి ఉండదు. పెట్టె లోపలికి వెళ్లాక గోడకున్న బటన్ నొక్కాలి. పెద్దకొడుకుగా నేను నొక్కాలని ఒకడు, ఆఖరిదాకా ఖర్చు పెట్టుకున్నవాణ్ణి నేను నొక్కాలని ఇంకొకడు. చిన్నకొడుకు వేషం ఫణిది.

శవంగా శ్రీధర్ వాళ్లమ్మ, త్వరలో కాకినాడ తిరిగి వస్తున్న సీతమ్మగారు పడుకోవాలి. కొత్త ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టెకు తెల్లగుడ్డ చుట్టి శవపేటిక చేశారు. తీరా ఆ పూట ఆవిడ, "విమానం ఎక్కబోతూ పాడె ఎక్కమంటార్రా? నా వల్ల కాదు బాబూ" అని కూర్చున్నారు. అందరూ పనులు మానుకుని వచ్చారు.

ఇప్పుడు మీరు కుర్చీలో కూర్చోండి. కళ్లజోడు సవరించుకుని, కాసిని మంచినీళ్లు తాగి చదవండి. ఆ పెట్టెలో పడుకున్నది నేను.

తిట్టండి. ముత్తయిదువని, మీరు బతికుండగా, పసుపు రాసుకుని పూలు పెట్టుకుని శవంలా పడుకున్నాను. నేనే అడిగి పడుకున్నాను. పాపం పిల్లల పని ఆగిపోతుందని అన్నాను గానీ అది సగం నిజం. నా చావుకి ఎవరెవరు ఎలా ఏడుస్తారో చూద్దామని కూడా అనిపించింది. ఫణి వద్దంటే వద్దన్నాడు. "నీ అమ్మ కాదురా పోయేది, సినిమాలో అమ్మ" అని నేనే నోరు మూయించాను. మనవరాలు దియ వచ్చి పెట్టెలోకి తొంగి చూసి, "బామ్మా, యూ ఆర్ సో ప్రిటీ. రోజూ ఇలాగే ఉండు" అంది. 

పడుకున్నాను. నా నెత్తిన తగవులు మొదలయ్యాయి. కళ్లు మూసుకుని వింటుంటే నవ్వు ఆపుకోలేక చచ్చాను. తర్వాత ఫణి రావాలి. ఆలస్యంగా పరుగెత్తుకొచ్చి, "అన్నయ్యా, బటన్ నాది" అనాలి. అంతే వాడి డైలాగు. వాడు వచ్చాడు. నా పాదాలు పట్టుకున్నాడు. చేతులు చల్లగా ఉన్నాయి. డైలాగు రాలేదు. దానికి బదులు, "నాన్నా, ఒక్క నిమిషం ఆపండి. బామ్మని చూడనివ్వండి" అన్నాడు.

ఆ సీనులో నాన్నే లేడండీ. బామ్మా లేదు. అందరూ వాడు కొత్తగా కల్పించి చెబుతున్నాడనుకున్నారు. శ్రీధర్ కెమెరా ఆపలేదు. నా కళ్లు మూసే ఉన్నాయి గానీ నీళ్లు ఆగలేదు, చెవుల్లోకి కారాయి. అప్పుడు శ్రీధర్, "కట్! ఆంటీ, శవం ఏడుస్తోందండీ" అని అరిచాడు. అందరూ నవ్వారు. ఫణి గ్యారేజీలోంచి బయటికి వెళ్లిపోయాడు.

వెనకే వెళ్లి అడిగాను. చెప్పాడు. ఆ రోజు శ్మశానంలో ఎవరి చేతిలోనో ఉన్న ఫోనులోంచి వాడు చూస్తున్నాడట, ఇక్కడ రైలు స్టేషను బయట కారులో కూర్చుని. మొహం మీద కట్టెలు పెట్టబోతుంటే, ఒక్క నిమిషం ఆపమని, బామ్మ మొహం చూపించమని అడిగాడట. "వచ్చినవాళ్లు చూస్తారు. ఆ ఫోను కట్టేయండి" అన్నారట మీరు. ఆడవాళ్లం శ్మశానానికి రాలేదు కాబట్టి నాకు తెలియదు. మీరు చెప్పలేదు. వాడూ ఇన్నాళ్లు చెప్పలేదు. నాకు మీ మీద చాలా కోపం వచ్చింది. ఆవిడ పోయిన దుఃఖంలో అన్నారని తెలుసు. అయినా కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

మళ్లీ తీశారు, ఆ డైలాగు వాడు సరిగ్గానే చెప్పాడు. షాట్ అయ్యాక సీతమ్మగారు ఒకటే గోల. శవంగా పడుకున్న మనిషి లేచి కూర్చుని కెమెరాలోకి చూస్తూ నవ్వాలి, ఆ నవ్వు తీయాలి, గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టాలి, లేకపోతే అరిష్టం అని. బూడిద గుమ్మడికాయ దొరక్క, ఈ నెలలో ఇక్కడివాళ్లు దెయ్యాల పండగకని ఇళ్ల ముందు పెట్టే కాషాయం రంగు గుమ్మడికాయ తెచ్చారు. నేను లేచి కూర్చున్నాను. కెమెరా పెట్టారు. అందరూ, "నవ్వండి ఆంటీ" అన్నారు.

నేను నవ్వలేదు.

మొదట నవ్వు రాక నవ్వలేదు. తర్వాత నవ్వొచ్చినా నవ్వలేదు. "మీ అంకుల్ వచ్చాక ఆయన ఎదురుగా నవ్వుతాను. అప్పటిదాకా ఆ గుమ్మడికాయ అలాగే ఉంచండి" అన్నాను. అందరూ తమాషా అనుకున్నారు. ఫణి మాత్రం ఇంటికొచ్చాక, "అమ్మా, నాన్న రాడు. ప్లీజ్, నవ్వేయమ్మా. నేనివన్నీ నమ్మను గానీ నాకు టెన్షన్‌గా ఉంది" అన్నాడు. రోజూ ఆఫీసుకి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి నా మొహం చూసి వెళ్తున్నాడు.

నాకూ భయంగానే ఉందండీ. మీతో అబద్ధమెందుకు? మొన్న మెట్ల మీద కాలు జారింది, పడలేదు. నిన్న బయల్దేరబోతూ తుమ్మితే మీరు పక్కనున్నట్టే వెనక్కొచ్చి కూర్చున్నాను. పడుకుంటే గుండె మీద చెయ్యేసి చూసుకుంటున్నాను. గుమ్మడికాయ గ్యారేజీలో ఓ పక్క మెత్తబడుతోంది. అయినా నవ్వను. ఇన్నేళ్లలో మీ మాట కాదని మొండికేసింది ఇదొక్కటే, దీన్ని గెలవనివ్వండి.

కార్తీకమాసానికి నేను రాను, మీరే రండి. మీ పాస్‌పోర్టు బీరువాలో నా పట్టుచీరల కింద ఉంది. ఇద్దరికీ ఒకేసారి వేయించిన వీసా ఇంకా చెల్లుతుంది. మంచిరోజు చూసుకునే బయల్దేరండి, మరీ వెతక్కండి. వాడితో ఏమీ మాట్లాడనక్కర్లేదు. వాతావరణం ఎలా ఉందని అడగండి చాలు. ఈ ఉత్తరం సీతమ్మగారి చేతికిస్తున్నాను. ఆవిణ్ణి వివరాలు అడగకండి, ఉన్నదానికి రెట్టింపు చెబుతారు.

శవం నవ్వాలన్న సంగతి నాకు సీతమ్మగారు చెప్పక ముందే తెలుసు. చెప్పింది మీరే. పాసింజరు బండికి గార్డుగా చేసేటప్పుడు, ఓ చిన్న స్టేషనులో సినిమా షూటింగు అయిందన్నారు. శవంగా పడుకున్న ముసలాయన తొందరలో నవ్వకుండానే మీ బండెక్కేశాడు. సినిమావాళ్లు కెమెరా మోసుకుని ప్లాట్‌ఫారం మీద పరుగెత్తుకొచ్చారు. డ్రైవరు కూత వేస్తున్నా మీరు పచ్చజెండా చంకలో పెట్టుకుని, ఆయన కిటికీలోంచి నవ్వేదాకా ఊపలేదు. లేటెందుకైందని పైవాళ్లు అడిగితే, "ఒక మనిషి ప్రాణం సంగతండీ, ఒక్క నిమిషం ఆపాను" అన్నానని ఇంటికొచ్చి ఎంత గొప్పగా చెప్పారో!

ముక్కూమొహం తెలియని మనిషికి ఒక్క నిమిషం ఆపారు. మీ కొడుకూ అంతే అడిగాడు.

ఇట్లు,
ఇంకా నవ్వని మీ ఇల్లాలు,
ఉమామహేశ్వరి